బెంగళూరులో మాట వైద్యం: బోర్డు మీద పేరు, గదిలో పని

మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఆంధ్రా మెస్సు ఎంత తేలిగ్గా దొరుకుతుందో, ఇప్పుడు బీటీఎం నుంచి వైట్‌ఫీల్డ్ దాకా "కౌన్సెలింగ్, వెల్‌నెస్" బోర్డూ అంతే తేలిగ్గా దొరుకుతోంది. బోర్డు కింద చిన్న అక్షరాల్లో చికిత్సా పద్ధతుల పెద్ద వరస: సీబీటీ, డీబీటీ, ఈఎండీఆర్, సైకోడైనమిక్, ఇన్నర్ చైల్డ్. ఒక మెస్సు మెనూలో బిర్యానీ, పాస్తా, పెసరట్టు, మోమోలు ఒకే పేజీలో కనిపిస్తే మనకు ఏ అనుమానం వస్తుందో, ఇక్కడా అదే రావాలి.

ఇది ఏ ఒక్క క్లినిక్ మీదో రాస్తున్న సమీక్ష కాదు. ఉద్యోగానికో చదువుకో ఈ ఊరొచ్చిన తెలుగువాళ్లు మాట వైద్యం (సైకోథెరపీ) పేరుతో కొంటున్న సేవల మీద. ప్రైవేటులో 45, 50 నిమిషాల సెషన్‌కి మామూలుగా 1,000 నుంచి 3,000 రూపాయల మధ్య తీసుకుంటారు. రెండు వేల లెక్కన పన్నెండు సెషన్లంటే 24,000. "మనసు విప్పి మాట్లాడాను, కాస్త తేలికపడింది" అంటే ఆ డబ్బుకు సరిపోదు. తేలికపడటం స్నేహితుడి దగ్గరా జరుగుతుంది, రెండు ఫిల్టర్ కాఫీల ఖర్చుతో. చికిత్స అన్నాక వారం మధ్యలో, గది బయట, మనిషి చేసే పనుల్లో ఏదో ఒకటి మారాలి. ఏ పద్ధతినైనా ఇక్కడ ఆ తూకంతోనే తూస్తున్నాం.

ముందు మనిషి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టరు. మందులు రాసేది వాళ్లే. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలూ మాట వైద్యమూ చేస్తారు. దీనికి చాలాకాలంగా మామూలు దారి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన చోట పర్యవేక్షణలో రెండేళ్ల పూర్తికాలపు ఎంఫిల్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసి ఉన్న దారుల్లో అదీ ఒకటి. ఆ కౌన్సిల్‌లో నమోదైనవాళ్లకు సీఆర్‌ఆర్ (కేంద్ర రిజిస్టరు) నంబరు ఉంటుంది. అడిగితే చెప్పాలి, వెబ్‌సైట్‌లో వెతికితే కనపడాలి. అడిగినందుకు చిన్నబుచ్చుకునేవాళ్ల దగ్గర రెండో సెషన్‌కి వెళ్లనక్కర్లేదు.

ఎంఎస్సీ సైకాలజీ చేసి కౌన్సెలింగ్ చేస్తున్నవాళ్లలో మంచివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లను అడగాల్సిన ప్రశ్న వేరు: "మీ కేసులు ఎవరి పర్యవేక్షణలో చూస్తారు? ఎన్నాళ్లకోసారి?" దీనికి సూటిగా జవాబొస్తే సగం నమ్మొచ్చు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్లు గోడ నిండా వేలాడుతుంటే ఆ గోడను చూసి ముచ్చటపడి ఊరుకోవాలి.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. నీరసం, మతిమరుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటివాటి వెనక థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం కూడా ఉండొచ్చు. మొదటి సెషన్లో ఈ రక్తపరీక్షల ఊసెత్తని చికిత్సకుడికి నా లెక్కలో ఒక మార్కు తక్కువే.

సీబీటీ: బోర్డుల మీద ఎక్కువ, గదుల్లో తక్కువ

సీబీటీ అంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. 1960లలో ఫిలడెల్ఫియాలో సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ కుంగుబాటు రోగులతో పనిచేస్తూ దీన్ని రూపొందించాడు. లోపలి లెక్క సులువే. ఒక సందర్భంలో వచ్చే ఆలోచన, భావం, ఒంట్లో జరిగేది, చేసే పని, ఈ నాలుగూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. భావాన్ని నేరుగా పట్టుకోలేం కాబట్టి ఆలోచన దగ్గరో, పని దగ్గరో పట్టుకుంటారు. కుంగుబాటుకు 12 నుంచి 20 సెషన్లు. ప్రతి సెషన్‌కీ ఎజెండా ఉంటుంది, చివర్లో ఇంటిపని ఉంటుంది, తర్వాతి సెషన్ ఆ ఇంటిపనితోనే మొదలవుతుంది. ఈ మూడూ లేకపోతే అది సీబీటీ కాదు. "ఈ వారం ఎలా గడిచింది?" అని మొదలై గంట గడిచేదాకా కబుర్లు నడిస్తే అది కబుర్లే. బెంగళూరులో సీబీటీ పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేదీ ఆ కబుర్లే.

ఇంటిపనిలో ముఖ్యమైనది ఆలోచనల పట్టిక. అందులో ఒక్క వరసను గడిగడిగా చూద్దాం. ఉదయం స్టాండప్ మీటింగ్‌లో మేనేజరు "ఇది తర్వాత విడిగా మాట్లాడదాం" అన్నాడు. సందర్భం గడిలో అంతే రాయాలి, కెమెరాకు కనిపించేంత, వినిపించేంత. "అందరి ముందూ పరువు తీశాడు" అని రాస్తే అప్పుడే ఆలోచన దూరిపోయినట్టు. రెండో గడిలో ఆలోచన: "నన్ను ప్రాజెక్టు నుంచి తీసేస్తారు", నమ్మకం 85 శాతం. మూడో గడిలో భావాలు: గాబరా 80, సిగ్గు 60. నాలుగో గడిలో రెండు వైపులా ఆధారాలు. అవునంటే: పోయిన వారం చేసిన మార్పు వల్ల ప్రొడక్షన్‌లో ఏదో ఆగిపోయింది. కాదంటే: అదే మాట అదే మీటింగ్‌లో ఇంకో ఇద్దరితోనూ అన్నాడు, కొత్త మాడ్యూల్ నిన్ననే చేతికిచ్చాడు. అయిదో గడి: "ఆ పొరపాటు గురించే అడుగుతాడు, చివాట్లు పడొచ్చు. తీసేస్తారనడానికి ఇప్పటికైతే ఆధారం లేదు." మళ్లీ కొలిస్తే నమ్మకం 40, గాబరా 45.

గాబరా 80 నుంచి 45కు దిగిందంటే పట్టిక బాగా పనిచేసినట్టే. సున్నాకు దిగిందని రాసేవాళ్లు చికిత్సకుడి మెప్పు కోసం రాస్తున్నారు.

ఈ పట్టిక చెడేది నాలుగు చోట్ల. ఆలోచన గడిలో "భయమేసింది" అని భావం రాస్తారు. లేదా ప్రశ్న రాస్తారు, "ఉద్యోగం ఏమవుతుందో?" అని. ప్రశ్నకు ఆధారాలు వెతకలేం కాబట్టి దాన్ని ముందు "ఉద్యోగం పోతుంది" అని వాక్యంగా మార్చాలి. చికిత్సకుడు ఈ సవరణ చేయించలేదంటే పట్టికను చదవడం లేదన్నమాట. మూడోది, వారం మొత్తానికీ ఆదివారం రాత్రి కూర్చుని నింపడం. రెండు మూడు గంటల్లోపు రాయకపోతే గాబరాలో ఉన్న ఆలోచన చల్లారి, మర్యాదస్తుల భాషలోకి మారిపోతుంది. నాలుగోది అయిదో గడిలో "అంతా మన మంచికే" అని రాసేయడం. సీబీటీని పాజిటివ్ థింకింగ్ అని చెప్పేవాళ్ల దగ్గర ఇదే జరుగుతుంది. చేదు నిజం తేలినా సరే, నిజమే కావాలి.

కుంగుబాటు ముదిరినవాళ్లకు ఈ పట్టికలు మొదట్లోనే ఇవ్వకూడదు. పక్క మీంచి లేవలేని మనిషి ఆధారాలేం వెతుకుతాడు? ముందు పనుల చీటీ. గంటగంటకూ ఏం చేశారో రాసి, అందులో తృప్తి ఎంత, సాధించినట్టు అనిపించింది ఎంత అని పదికి మార్కులు వేసుకోవాలి. తర్వాత మార్కులు వచ్చిన పనుల్ని రోజులో ముందే ఇరికించాలి. "మూడ్ వచ్చాక చేస్తా" అన్న వరసను తలకిందులు చేసి, పని ముందు, మూడ్ వెనక అని నడిపిస్తారు. ఇక్కడ పొరపాటు కొలత దగ్గరే. మొదటి వారమే జిమ్ము, అయిదు కిలోమీటర్ల నడక అని రాస్తారు. రెండో రోజే ఆగిపోతుంది, "నేనింతే" అన్న ముద్ర ఇంకాస్త గట్టిపడుతుంది. ఆరిన బట్టలు పది నిమిషాలు మడతపెట్టడం, మెట్లు దిగి పాలప్యాకెట్టు తేవడం, ఇంతటితో మొదలుపెట్టించేవాళ్లే పనితెలిసినవాళ్లు.

గుండెదడ కేసులు ఇంకో రకం. ఉన్నట్టుండి దడ, చెమటలు, చేతుల తిమ్మిరి, "పోతున్నాను" అన్న భయం. ఈ ఊళ్లో వీళ్లలో చాలామంది ముందు వెళ్లేది గుండె డాక్టరు దగ్గరికే, అది తప్పూ కాదు. ఈసీజీ వగైరా బాగున్నాయని తేలాక కూడా దడ ఆగకపోతే అప్పుడు పానిక్ మీద పని. మంచి చికిత్సకుడు గదిలోనే ఆ దడను తెప్పిస్తాడు. ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్పించడం, సన్నటి స్ట్రాతో ఊపిరి తీయించడం, తిరిగే కుర్చీలో గిరగిరా తిప్పడం. కళ్లు తిరగడం, దడ పుట్టడం ప్రమాదం కాదని ఒంటికి తెలియాలి, నోటితో చెబితే చాలదు. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, గర్భం ఉన్నవాళ్లకు డాక్టరు సరే అనకుండా ఇవి చేయించకూడదు. లోతుగా ఊపిరి తీయడం మాత్రమే నేర్పి, దాన్నో తాయెత్తులా వాడమంటే భయం నిలిచే ఉంటుంది. "ఊపిరి వ్యాయామం చేశాను కాబట్టి బతికాను" అన్నది కొత్త భయం.

ఓసీడీ: మడికీ జబ్బుకీ మధ్య గీత

వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని అణచడానికి మళ్లీమళ్లీ చేసే పని, ఇదీ ఓసీడీ. తెలుగిళ్లలో ఇది ఆలస్యంగా బయటపడటానికి ఒక కారణం మడి, మైల, ఎంగిలి అన్న మాటలు మన దగ్గర ముందే ఉండటం. గంటసేపు చేతులు కడిగే మనిషిని "వాడికి శుభ్రం ఎక్కువ" అని సరిపెడతారు. గీత ఎక్కడ గీయాలో చెప్పడం మరీ కష్టమేమీ కాదు. మడికి అందరికీ తెలిసిన నియమం ఉంటుంది, ముగింపు ఉంటుంది. తడిబట్ట కట్టారు, వంట అయింది, విప్పేశారు. ఓసీడీకి ముగింపు ఉండదు, నియమం రోజురోజుకూ పెరుగుతుంది, చాలాసార్లు చేసే మనిషికే అది అతి అని తెలుస్తూ ఉంటుంది.

దీనికి మామూలు సీబీటీ చాలదు. ఈఆర్‌పీ కావాలి, అంటే భయపెట్టేదాన్ని కావాలని ఎదుర్కొని, ఆ వెంటనే చేసే క్రతువును ఆపడం. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన ఇలా చేసి చూపాడు, అప్పటిదాకా దీనికి మాట వైద్యం పెద్దగా పనిచేయదనే అనుకునేవారు. పని ఇలా సాగుతుంది. భయపెట్టే పనుల జాబితా రాసి ఒక్కోదానికీ వందకి ఎంత భయమో వేస్తారు. పీజీ గది తలుపు గడియ ముట్టుకోవడం 35, ఉమ్మడి బాత్రూం కుళాయి 55, చెత్తబుట్ట మూత 80. నలభై చుట్టుపక్కల ఉన్నదానితో మొదలు. కుళాయి వంతు వచ్చినప్పుడు దాన్ని ముట్టుకుని, ఆ చేత్తోనే మొహం తుడుచుకుని, గంటసేపు కడుక్కోకూడదు. పది నిమిషాలకోసారి అంకె రాయాలి. 70, 75, 65, 50 అని దిగొచ్చు, కొన్ని రోజులు దిగకనూ పోవచ్చు. దిగకపోయినా ఫరవాలేదు, భయం ఉండగానే కడక్కుండా ఉండగలిగారన్నదే పాఠం.

ఇది చెడిపోయే చోట్లు బాగా తెలిసినవే. అంకె పైకి ఎగబాకిన చోటే ఆపేయడం: తప్పించుకుంటే తగ్గుతుంది అన్న పాఠం ఇంకాస్త బలపడుతుంది. చేత్తో కడక్కుండా మనసులో "ఏం కాదు, ఏం కాదు" అనో, దేవుడి పేరు పదకొండుసార్లో అనుకోవడం: అదీ క్రతువే, బయటికి కనపడదంతే. అన్నిటికన్నా మొండిది ఇంట్లోవాళ్ల సాయం. ఆఫీసుకు బయల్దేరిన కొడుకు సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో కూర్చుని ఒంగోలుకు ఫోను: "అమ్మా, తాళం వేశానని పొద్దున నీకు వీడియోలో చూపించాను కదా?" "చూపించావులే నాన్నా, వేశావు." ఆ ఒక్క జవాబుతో అతనికి పది నిమిషాలు హాయి, జబ్బుకు ఒక రోజు మేత. ఈఆర్‌పీ చేస్తున్నామంటూ ఇంట్లోవాళ్లను ఒక్కసారీ పిలవని చోట పని సగమే జరుగుతుంది. పిలిచి, "దీనికి జవాబు చెప్పనని అనుకున్నాం కదా నాన్నా" అన్న ఒక్క వాక్యం అమ్మకు నేర్పితే ఎంతో తేడా వస్తుంది.

ఈఆర్‌పీ చేస్తామని చెప్పేవాళ్లు చాలామందే. ఫోనులోనే అడగండి: "సెషన్లోనే చేయిస్తారా, ఇంటి దగ్గర చేసుకోమంటారా?" గదిలో ఎప్పుడూ చేయించం అంటే వేరేచోటు చూసుకోవడం మంచిది.

నిద్ర

అమెరికా టైముకు కాల్స్ ముగించుకుని రాత్రి ఒంటిగంటకు పడుకునేవాళ్ల ఊరిది. ఇంత తక్కువ డబ్బుకు ఇంత ఫలితం ఇచ్చే సేవ ఇంకొకటి లేదు, అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నిద్ర కోసం చేసే సీబీటీకి మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది సెషన్లు చాలు. మొదటి వారం నిద్ర డైరీ. పక్క మీద ఎనిమిది గంటలుండి అయిదున్నర గంటలే నిద్రపడుతుంటే సామర్థ్యం 69 శాతం. అప్పుడు పక్క మీద ఉండే సమయాన్నే అయిదున్నరకు కుదిస్తారు: ఒంటిగంటన్నరకు పడుకుని ఏడుకు లేవడం, ఆదివారమైనా ఏడే. వారం సగటు 85 శాతం దాటితే పావుగంట కలుపుతారు. అయిదు గంటల కన్నా తగ్గించరు. మొదటి పది రోజులు నరకంగానే ఉంటుంది, చాలామంది మానేసేది అక్కడే. ఆ సంగతి ముందే చెప్పని చికిత్సకుడిదే తప్పు. బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు మార్చిమార్చి వచ్చే జబ్బు), మూర్ఛ ఉన్నవాళ్లకు ఇలా నిద్ర కుదించడం ప్రమాదం. ఆ రోజుల్లో రాత్రిపూట బండి నడపకూడదు కూడా.

నెమ్మదిగా నడిచేవి

సైకోడైనమిక్ చికిత్సకు ఇంటిపని ఉండదు, ఎజెండా ఉండదు. మాట్లాడుతూ పోతుంటే పాత సంబంధాల తీరు చికిత్సకుడితో సంబంధంలోనే మళ్లీ బయటపడుతుంది, దాన్ని పట్టుకుని పనిచేస్తారు. వారానికి ఒకటి రెండుసార్లు, నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి. ప్రతిసారీ అదే రకం మనిషిని ప్రేమించి అదే రకంగా దెబ్బతినేవాళ్లకు, ఏ ఉద్యోగంలో చేరినా పై అధికారిలో నాన్నే కనిపించేవాళ్లకు ఇది పనికొస్తుంది. దడకో, ఓసీడీకో దీన్ని ముందుగా కొనడం డబ్బు దండగ.

మనవాళ్లకు ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. గురువు దగ్గరికో, ఊళ్లో పెద్దాయన దగ్గరికో వెళ్లినట్టు వెళ్లి, "నన్నేం చేయమంటారు చెప్పండి" అని కూర్చుంటారు. అటునుంచి నిశ్శబ్దం. రెండు వేలు పోసి నిశ్శబ్దం కొన్నానని మూడో వారం మానేస్తారు. సైకియాట్రిస్ట్ జె.ఎస్. నేకీ 1973లోనే భారతీయులకు గురుశిష్య సంబంధం లాంటిదే చికిత్సకు తగిన నమూనా కావచ్చని వాదించాడు. ఆ మాటను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, సలహా ఎందుకు ఇవ్వడం లేదో మొదటి రోజే చెప్పడం చికిత్సకుడి బాధ్యత.

అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ దారిలో నడిచే కౌన్సెలింగ్‌లోనూ సలహాలుండవు. తీర్పు చెప్పకుండా వినడం, లోపల ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకుని తిరిగి చెప్పడం అక్కడి పని. దగ్గరివాళ్లు పోయిన దుఃఖానికీ, పెద్ద నిర్ణయాల ముందరి ఊగిసలాటకీ బాగుంటుంది. దుఃఖం, కొత్త పాత్రలోకి మారడం, దగ్గరివాళ్లతో తగువు, ఒంటరితనం వీటి చుట్టూ కుంగుబాటు అల్లుకుని ఉంటే ఇంటర్‌పర్సనల్ థెరపీ అని 12 నుంచి 16 వారాల పద్ధతి ఒకటుంది. పెళ్లై ఈ ఊరొచ్చి, ఉద్యోగం మానేసి, పసిబిడ్డతో పదో అంతస్తులో ఉండిపోయిన అమ్మాయికి సరిగ్గా అమరే పద్ధతి. బోర్డుల మీద మాత్రం అరుదు.

భార్యాభర్తలు, అత్తామామలు

దంపతుల చికిత్స పెద్దమనుషుల పంచాయితీ కాదు. "ఎవరిది తప్పో మీరే చెప్పండి మేడం" అన్నదానికి జవాబు ఇచ్చే చికిత్సకుడు పనిని చెడగొడుతున్నట్టు. ఇక్కడ పేషెంటు ఇద్దరి మధ్య తిరిగే చక్రం: ఆమె అడుగుతుంది, అతను ఫోనులోకి తప్పుకుంటాడు, ఆమె గొంతు పెంచుతుంది, అతను బాల్కనీలోకి పోతాడు. ఎవరి ఒక్క అడుగు మారినా చక్రం మారుతుంది. మొదట ఇద్దరితో కలిసి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా ఒకసారి, మళ్లీ కలిసి. విడిగా చెప్పిన రహస్యాలను ఏం చేస్తారో ముందే నియమం పెట్టుకోవాలి. పెట్టకపోతే మూడో నెలలో అదే పేలుతుంది. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ఉమ్మడి సెషన్లు ముందు పెట్టకూడదు. గదిలో చెప్పినమాటకు ఇంటికెళ్లాక ఆమె మూల్యం చెల్లించాల్సి వస్తుంది.

అత్తగారు ఊరి నుంచి వచ్చినప్పుడే గొడవలు పెరిగే ఇళ్లలో, ఆవిడను ఒక సెషన్‌కి పిలవడం పది సెషన్ల పని చేస్తుంది. ఇంట్లోవాళ్లను చికిత్సలో కలపడం మన దేశానికి కొత్తేమీ కాదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాలు వేసి ఉంచాడు.

డీబీటీ, ఈఎండీఆర్

డీబీటీని (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లినెహన్ తనను తాను గాయపరుచుకునే, భావాలు ఉప్పెనలా వచ్చిపడే మనుషుల కోసం తయారుచేశారు. పూర్తి డీబీటీలో నాలుగు భాగాలు: వారానికో వ్యక్తిగత సెషన్, నైపుణ్యాలు నేర్పే బృందం క్లాసు, కష్టసమయంలో ఫోను సాయం, చికిత్సకుల సొంత సమావేశం. ఆరు నెలల నుంచి ఏడాది. ఈ ఊళ్లో చాలాచోట్ల దొరికేది డీబీటీ వాసన తగిలిన మామూలు సెషన్. పనికిరాదని కాదు, ఆ పేరుకు ఆ ధర పెట్టకూడదంతే. రోజూ నింపే డైరీ కార్డు ఇస్తారా, బృందం క్లాసు ఉందా అని అడిగితే తేలిపోతుంది. ఉప్పెన వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టి బాగా చల్లటి నీళ్లలో ముప్పై సెకన్లు మొహం ముంచడం అనే చిట్కా వింతగా ఉంటుంది కానీ గుండె వేగాన్ని నిజంగానే తగ్గిస్తుంది. గుండె జబ్బున్నవాళ్లు చేయకూడదు.

ఈఎండీఆర్ ఘోరమైన అనుభవాల తర్వాతి జబ్బుకు (పీటీఎస్‌డీ), ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లు కదిపించే పద్ధతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్‌డీకి సూచించిన వాటిలో ఇదీ ఉంది. ఎనిమిది దశలు. కళ్లు అటూఇటూ కదిపించేది నాలుగో దశ నుంచే. మొదటి రోజే కళ్ల ముందు వేళ్లు ఊపడం మొదలుపెడితే లేచి వచ్చేయొచ్చు.

హిప్నాసిస్‌తో గతజన్మకు తీసుకెళ్తామనే రిగ్రెషన్, "రెండు సెషన్లలో భయం మాయం", వారాంతంలో ఇన్నర్ చైల్డ్ (లోపలి పసివాడు) రిట్రీట్: వీటికి ఇక్కడ స్థలం వృథా చేయను. హిప్నాసిస్‌లో "గుర్తొచ్చిన" జ్ఞాపకాలు కల్పితం కావచ్చనీ, వాటి మీద కుటుంబాలు విడిపోయాయనీ చెబితే చాలు.

ఎక్కడికి వెళ్లాలి

హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ (జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ) 1974లో రెండు పాత సంస్థల కలయికతో ఏర్పడింది. అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లతో అక్కడి ఓపీలో తెలుగు బాగా వినపడుతుంది. రోగ నిర్ధారణకు, మందులూ మాట వైద్యమూ రెండూ కావాల్సిన కేసులకు, తీవ్రమైన ఓసీడీకి నా మొదటి ఓటు దానికే. ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే బహు తక్కువ. దానికి బదులు సమయం ఇవ్వాలి: పొద్దున్నే వెళ్లాలి, రోజంతా పోతుంది. వారం వారం చికిత్స చేసేది చాలాసార్లు శిక్షణలో ఉన్న విద్యార్థులు. పైన సీనియర్ల పర్యవేక్షణ ఉంటుంది కాబట్టి దీన్ని నేను లోపంగా చూడను. కొన్ని ప్రైవేటు గదుల కన్నా అక్కడే పద్ధతి ప్రకారం జరుగుతుంది. వాళ్ల పోస్టింగ్ మారితే చికిత్సకుడూ మారతాడు, అదొక్కటే చికాకు. ఎన్నాళ్లుంటారో మొదటి రోజే అడిగి, దాన్నిబట్టి ప్రణాళిక వేయమనాలి. ఆసుపత్రి ఆవరణ అంటేనే బెదిరేవాళ్లకు బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్‌వాళ్లదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. ఫోన్, గేమ్స్ వదలలేనివాళ్లకు షట్ క్లినిక్ పేరుతో 2014 నుంచి ప్రత్యేక సేవ నడుస్తోంది.

కంపెనీలు ఇచ్చే ఉచిత సెషన్లు కొద్దివే ఉంటాయి. వాటిని ఒక నిర్దిష్టమైన పనికి వాడుకుంటే మంచిది, చిన్ననాటి కథ మొదలుపెట్టి మధ్యలో ఆపుకోవడం కన్నా. హెచ్‌ఆర్‌కు ఏం వెళుతుందో, సంఖ్యలేనా, పేర్లా, రాతపూర్వకంగా అడగండి. రహస్యంగా ఉంచడం 2017 చట్టంలో రాసి ఉంది. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటివి మినహాయింపులు. పాతికేళ్ల అబ్బాయి గురించి గుంటూరు నుంచి నాన్న ఫోను చేసి "ఏమంటున్నాడు మావాడు?" అని అడిగితే, అబ్బాయి ఒప్పుకోకుండా చికిత్సకుడు చెప్పకూడదు. అదే చట్టం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలంటుంది. ఆచరణలో చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. ఓపీ కవర్ ఉందో లేదో చూసుకోవాలి.

వీడియో సెషన్లు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌కు మంచి విరుగుడు. పలచటి గోడల పీజీ గదికి మాత్రం కాదు. పక్కమంచం వాడు వింటున్నాడన్న ఎరుక ఉన్నంతసేపూ మనిషి నిజం చెప్పడు. ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని మాట్లాడేవాళ్లు కొందరున్నారు. అది నయం.

చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే వచ్చే మంగళవారం అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సహాయ లైను టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నిమ్హాన్స్ అత్యవసర విభాగం రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. లేనివి వినిపించడం, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉత్సాహం పొంగిపొర్లడం లాంటివాటికీ ముందు సైకియాట్రిస్టే, మాట వైద్యం తర్వాత.

భాష

ఇంగ్లీషులో బాగా మాట్లాడేవాళ్లు కూడా ఏడుపు తెలుగులోనే ఏడుస్తారు. "యాంగ్జియస్" అని రాసినచోట లోపల ఉన్నది బెంగ కావచ్చు, ఉక్రోషం కావచ్చు. అలిగిన మనిషిని "యాంగ్రీ" అని రాస్తే చికిత్స తప్పుదారి పడుతుంది. కోపానికి ఎదుటివాడు తప్పుకుంటే చాలు, అలకకు దగ్గరికొచ్చి బుజ్జగించాలి. చికిత్సకుడికి తెలుగు రాకపోతే ఆ మాటను అనువదించకుండా పట్టికలో తెలుగులోనే రాసి, అదేమిటో రెండు నిమిషాలు చెప్పడం మేలు. కన్నడ చికిత్సకుల్లో కొందరికి తెలుగు బాగా అర్థమవుతుంది. మాట్లాడటం మొహమాటపడతారంతే, అడిగితే ఒప్పుకుంటారు.

ఎప్పుడు ఆపాలి

పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటుంది, 27కి మార్కులు. పది, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిన కుంగుబాటు. అయిదు మార్కులు తగ్గితే మార్పు వచ్చినట్టు, సగానికి తగ్గితే చికిత్స పనిచేస్తున్నట్టు, అయిదు కన్నా తక్కువైతే బయటపడినట్టు. మొదటి రోజు ఒకసారి నింపి, నాలుగో సెషన్‌కి, ఎనిమిదో సెషన్‌కి మళ్లీ నింపాలి. ఎనిమిదికీ అంకె కదలకపోతే పద్ధతి మార్చడమో, మందులు కలపడమో, మనిషిని మార్చడమో మాట్లాడాలి. ఈ మాట చికిత్సకుడే ఎత్తితే అతను మంచివాడు.

ఇక ఫోను ఎత్తకుండా మాయమవడం మనవాళ్లకు అలవాటైన ముగింపు. మొహమాటం. దానికన్నా "ఇంకో రెండు సెషన్లలో ఆపుదామనుకుంటున్నాను" అని చెప్పేయాలి. ఆ రెండింటిలో ఒకటి జబ్బు తిరగబెట్టే తొలి గుర్తులు రాసుకోవడానికి, ఉదాహరణకు వరసగా మూడు రోజులు అమ్మ ఫోను ఎత్తకపోవడం, స్నానం వాయిదా వేయడం. రెండోది ఆ గుర్తు కనపడిన వారం ఏ పట్టిక తీయాలో, ఎవరికి చెప్పాలో ఒక పేజీలో రాసుకోవడానికి. నెలకొకటి, మూడు నెలలకొకటి చొప్పున తర్వాతి సెషన్ల తేదీలు ఆ పేజీ కిందే వేయించుకుని, చికిత్స రికార్డుల కాపీ అడిగి తీసుకోవాలి. ఊరు మారినా, హైదరాబాదుకు బదిలీ అయినా కొత్త చికిత్సకుడి దగ్గర మొదటి మూడు సెషన్ల ఖర్చు దాంతో మిగులుతుంది.